బంతి ఎగిరింది – అక్షరం పలికింది



పాట ముందు పుట్టిందా? అక్షరం ముందు పుట్టిందా?

పాటే ముందు పుట్టింది. ఈ మాట చెప్పటానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాట్లు వేస్తే పాట. వడ్లు దంచితే పాట. తిరగలి తిప్పితే పాట. బతుకమ్మ చుట్టూ పాట. గొబ్బెమ్మ చుట్టూ పాట. ఉయ్యాల ఊపితే పాట. ఈ పాటలు పాడిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎంతమంది బడికి పోయారు? చాలామంది బడి గడప తొక్కలేదు. అయినా గంటసేపు ఆగకుండా పాడారు. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. తల్లి దగ్గర బిడ్డ నేర్చింది. అత్త దగ్గర కోడలు నేర్చింది.

అంటే ఏమిటి? చదువు రాని ఆడమనిషి నోట్లో కూడా ఒక పెద్ద పుస్తకం దాగి ఉంది. మరి నోట్లో ఉన్న ఆ పాటను కంటికి చూపిస్తే ఏమవుతుంది? చెవికి తెలిసిన మాటను కన్ను కూడా గుర్తుపడుతుందా? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం. ఇది చిన్నపిల్లల పాటల వీడియోల కథ. అమెరికా దేశంలో మొదలైంది. తిరిగి తిరిగి మన గుమ్మం దాకా వచ్చింది.

నూరేళ్ల కిందటి బంతి

అది 1924వ సంవత్సరం. అమెరికాలో న్యూయార్క్ అనే పెద్ద పట్నం. అక్కడ మాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. వాళ్లు బొమ్మల సినిమాలు తీసేవారు. మనుషులు నటించే సినిమాలు కావు. గీసిన బొమ్మలే నడుస్తాయి, దూకుతాయి, నవ్వుతాయి.

గీసిన బొమ్మ ఎలా కదులుతుంది? ఒక కాగితం మీద చెయ్యి కిందికి ఉన్న బొమ్మ గీస్తారు. రెండో కాగితం మీద చెయ్యి ఇసుమంత పైకి. మూడో దాని మీద ఇంకొంచెం పైకి. ఇలా ఎన్నో బొమ్మలు గీసి, ఒకదాని వెనుక ఒకటి గబగబా చూపిస్తారు. చెయ్యి లేచినట్టే కంటికి కనిపిస్తుంది. మాటల సినిమాలు వచ్చాక సెకనుకు 24 బొమ్మల లెక్కన తెర మీద నడిపించటం అలవాటయింది. 'ఒకటి' అని నోటితో అనేలోపు 24 బొమ్మలు కంటి ముందు పోతాయన్నమాట!

1924 నాటికి చాలా సినిమాలకు మాటలు లేవు, పాటలు లేవు. దాదాపు అన్నీ మూగ సినిమాలే. హాల్లో ఒక మనిషి వాద్యం వాయించేవాడు. ఫ్లైషర్ సోదరులు ఏం చేశారు? అందరికీ తెలిసిన పాట ఒకటి తీసుకున్నారు. పాటలోని మాటలు తెర మీద వేశారు. ఆ మాటల మీద ఒక తెల్ల బంతిని ఎగిరించారు. బంతి ఏ మాట మీద పడితే, హాల్లో జనం ఆ మాట పాడాలి. బంతి దూకితే గొంతు దూకుతుంది. బంతి ఆగితే గొంతు సాగుతుంది.

ఆ బంతిని బొమ్మగా గీయలేదు. నల్లటి కర్ర చివర తెల్ల బంతి పెట్టి, ఒక మనిషి చేత్తో ఆడించాడు. నలుపు మీద నలుపు కనిపించదు గదా! అందుకే కర్ర కనిపించలేదు. బంతి ఒక్కటే కనిపించింది.

పనిచేసింది పెద్ద యంత్రం కాదు. ఒక కర్ర, ఒక బంతి, ఒక మనిషి చెయ్యి. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. చివర్లో మళ్లీ దీనితో పని పడుతుంది.

టేపులోకి వచ్చిన పాట

వాల్ట్ డిస్నీ అని ఇంకొక బొమ్మల సినిమాల మనిషి. 1937లో ఆయన సంస్థ హిమశ్వేత అనే రాకుమారి కథను పెద్ద బొమ్మల సినిమాగా తీసింది. ఇంగ్లీషులో ఆ పిల్ల పేరు స్నో వైట్. ఆమెకు అడవిలో ఏడుగురు మరుగుజ్జులు తోడుంటారు. వాళ్లు పని ముగించుకుని ఇంటికి పోతూ పాడే పాట పిల్లలకు ఎంతో ఇష్టం. ఆ తర్వాత వచ్చిన డిస్నీ సినిమాల్లో కూడా పాటలు చాలా ఉన్నాయి.

కానీ పాట కావాలంటే సినిమా హాలుకే పోవాలి. అయిపోతే అయిపోయినట్టే. పిల్ల 'మళ్లీ' అంటే ఎక్కడినుంచి తెస్తారు?

1976లో జపాన్‌లో వీహెచ్ఎస్ అనే వీడియో టేపు వచ్చింది. సినిమా ఇంట్లోకి వచ్చింది. మన ఊళ్లలో కూడా ఒకప్పుడు వీడియో పెట్టె అద్దెకు తెచ్చి, వాకిట్లో చాపలు పరిచి, తెల్లవార్లూ సినిమాలు చూసేవారు. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

1986లో డిస్నీ సంస్థ పిల్లల కోసం ఒక టేపుల వరస మొదలుపెట్టింది. దాని పేరు డిస్నీ సింగ్ అలాంగ్ సాంగ్స్. అంటే, కూడా కలిసి పాడుకునే పాటలు. ఒక్కో టేపు సుమారు అరగంట. సినిమా కథంతా ఉండదు. పాటలు మాత్రమే ఏరి, గుదిగుచ్చి ఇచ్చారు. మొదట్లో ఒక గుడ్లగూబ పంతులుగారు వచ్చి పిల్లలను పలకరిస్తాడు. తర్వాత పాట వస్తుంది. తెర అడుగున పాట మాటలు వస్తాయి. ఆ మాటల మీద ఒక గుర్తు ఎగురుతూ పోతుంది. అదేమిటో తెలుసా? రెండు గుండ్రటి చెవులున్న మిక్కీ ఎలుక తల! ఫ్లైషర్ల బంతికే చెవులు వచ్చాయన్నమాట.

ఆ వరసలో ఒక టేపు 1987లో వచ్చింది. అందులో ఒక ఎలుగుబంటి పాట ఉంది. ఆ ఎలుగు పేరు బాలూ. అడవిలో తోడేళ్లు పెంచిన మోగ్లీ అనే పిల్లవాడికి ఆ పాట పాడి వినిపిస్తుంది. మోగ్లీ పేరు ఎక్కడో విన్నట్టుంది గదా? ఆ కథ జరిగేది మన దేశపు అడవిలోనే. రాసినాయన కిప్లింగ్. 1865లో బొంబాయిలో పుట్టాడు. పుస్తకం 1894లో వచ్చింది. డిస్నీ సినిమా 1967లో వచ్చింది. జపాన్ వాళ్లు తీసిన ఇంకో మోగ్లీ బొమ్మల కథ 1993లో హిందీ మాటలతో దూరదర్శన్‌లో వచ్చింది. దాని పాట హిందీ రాని పిల్లలు కూడా వీధుల్లో పాడుకున్నారు. పాటకు పొలిమేరలు లేవు.

1989లో సముద్రపు చేపకన్య కథ వచ్చింది. అందులో ఒక ఎర్ర పీత పాట పాడుతుంది. ఆ పాటకు ఆస్కార్ బహుమతి వచ్చింది. 1990లో ఆ పాట పేరుతోనే ఒక టేపు వేశారు. 1992లో అల్లావుద్దీన్ కథ, 1994లో సింహం పిల్ల కథ సినిమాలుగా వచ్చాయి. వాటి పాటలు కూడా టేపులకు ఎక్కాయి. తర్వాత టేపుల కాలం పోయింది. డిస్కులు వచ్చాయి. ఇప్పుడు అన్నీ చేతిలో ఫోన్లోకి వచ్చి పడ్డాయి.

'మళ్లీ' అనే మాటలో మహిమ

చిన్నపిల్లలకు బాగా ఇష్టమైన మాట ఏది? 'మళ్లీ!'

చెప్పిన కథే మళ్లీ చెప్పమంటారు. పాడిన పాటే మళ్లీ పాడమంటారు. పెద్దవాళ్లకు విసుగు వస్తుంది. పిల్లలకు రాదు. ఎందుకంటే వాళ్లు ప్రతిసారీ ఒక కొత్త ముక్క పట్టుకుంటారు. మొదటిసారి రాగం పట్టుకుంటారు. రెండోసారి చివరి మాట పట్టుకుంటారు. నాలుగోసారి ముందు మాట కూడా వస్తుంది. పదోసారికి పాట మొత్తం నోటికి వచ్చేస్తుంది.

టేపు చేసిన మేలు ఇదే. వెనక్కి తిప్పితే పాట మళ్లీ వస్తుంది. పాట వచ్చినప్పుడల్లా దాని అడుగున అవే అక్షరాలు వస్తాయి. చెవి మాట వింటుంది. నోరు మాట పలుకుతుంది. అదే క్షణంలో కన్ను ఆ మాట రూపాన్ని చూస్తుంది. చెవి, నోరు, కన్ను మూడూ ఒక్కచోట కలుస్తాయి.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక మంచి వీలు ఉంది. ఇంగ్లీషులో రాసేది ఒకటి, పలికేది ఒకటి. కత్తిని ఇంగ్లీషులో నైఫ్ అంటారు. రాసేటప్పుడు ముందు 'కె' అనే అక్షరం పెడతారు. నోటితో మాత్రం దాన్ని పలకరు. అక్కడి పిల్లలు ఇలాంటివి ఎన్నో కంఠతా పట్టాలి. తెలుగులో ఆ బాధ చాలా తక్కువ. దాదాపుగా రాసినట్టే పలుకుతాం. పలికినట్టే రాస్తాం.

'చందమామ' అని మెల్లగా చప్పట్లు కొడుతూ అనండి. చం – ద – మా – మ. ఎన్ని చప్పట్లు పడ్డాయి? నాలుగు. రాస్తే ఎన్ని అక్షరాలు? నాలుగే. 'మా' దగ్గర గొంతు సాగింది. కాగితం మీద చూడండి. అక్కడ దీర్ఘం ఉంది.

ఇప్పుడు 'ఉయ్యాల' అనండి. ఉ – య్యా – ల. మూడు చప్పట్లు, మూడు అక్షరాలు. 'య్యా' దగ్గర నాలుక కాస్త నొక్కి పలికింది. అక్కడ ఒత్తు ఉంది. 'అమ్మ', 'అక్క', 'చెల్లి', 'బువ్వ' – ఏది పలికినా అంతే. నాలుక నొక్కినచోట ఒత్తు ఉంటుంది. గొంతు సాగినచోట చాలాసార్లు దీర్ఘం ఉంటుంది. ఒత్తులు రావటం లేదని, దీర్ఘాలు తప్పిపోతున్నాయని చాలామంది అక్కలు బాధపడతారు. పాటగా పాడి చూస్తే ఆ చిక్కు సగం విడిపోతుంది.

చిత్రహార్ చేసిన పని

కష్టపడి నేర్చుకున్న అక్షరం వాడకపోతే ఏమవుతుంది? వాడని కొడవలికి తుప్పు పడుతుంది గదా! అక్షరానికీ అంతే. పుస్తకం పూర్తి చేసి, సంతకం నేర్చుకుని, పొలం పనుల్లో పడిపోయి, రెండేళ్లకు మళ్లీ వేలిముద్ర దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. రోజూ చదవటానికి వాళ్ల కంటి ముందు ఏమీ లేకపోయింది.

అహమ్మదాబాద్‌లో ఐఐఎం అనే పెద్ద విద్యాసంస్థ ఉంది. అక్కడ పనిచేసిన బ్రిజ్ కొఠారీ 1996 నుంచి ఈ విషయం మీద పనిచేశారు. ఆయన ఆలోచన చాలా తేలికైనది. మన దేశంలో జనం రోజూ సినిమా పాటలు చూస్తారు. ఆ పాట ఏ భాషలో ఉందో, అదే భాషలో మాటలు తెర అడుగున వేస్తే? పాటతోపాటు మాట రంగు మారుతూ పోతే? ఎవరూ బలవంతం చేయకుండానే కన్ను చదువుతుంది. పాట తెలిసినదే కాబట్టి, తర్వాత వచ్చే మాట ఏదో ముందే తెలుసు. కన్ను ఆ మాటను వెతుక్కుంటుంది.

1999లో గుజరాతీ పాటలకు దూరదర్శన్‌లో ఇలా మాటలు వేసి చూపించారు. 2002లో దేశమంతా చూసే చిత్రహార్ హిందీ పాటల కార్యక్రమానికి వేశారు. ఆ తర్వాత మరికొన్ని భాషల పాటలకు కూడా వేశారు. దీనివల్ల చెవులు వినపడని వాళ్లకు కూడా మేలు జరిగింది. పాటలో ఏ మాట ఉందో వాళ్లు చదివి తెలుసుకున్నారు.

అమెరికా పిల్లల టేపులో ఎగిరిన మిక్కీ తల, మన పెద్దవాళ్ల చిత్రహార్‌లో రంగు మారిన మాట – రెండూ చేసిన పని ఒక్కటే.

పెట్టె ముందు కూర్చోబెడితే చాలా?

'అయితే ఇంకేం! పిల్ల చేతికి ఫోను ఇచ్చి పాటలు పెడితే సరి. అదే చదువు నేర్పుతుంది' అనుకుంటున్నారా? ఆగండి. ఇక్కడే జాగ్రత్త పడాలి.

2003లో అమెరికాలో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు ఒక పరీక్ష చేశారు. తొమ్మిది నెలల పిల్లలను తీసుకున్నారు. వాళ్ల ఇళ్లలో ఇంగ్లీషు మాట్లాడతారు. కొందరు పిల్లల ముందు ఒక మనిషి కూర్చుని చైనా భాషలో మాట్లాడింది, ఆడించింది, పుస్తకం చూపించింది. ఇంకొందరికి అదే భాష, అవే మాటలు టీవీలో చూపించారు. ఇలా 12 సార్లు చేశారు. ఏమైంది? మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ కొత్త భాషలోని శబ్దాలను గుర్తుపట్టారు. టీవీలో చూసిన పిల్లలకు ఏమీ పట్టుబడలేదు.

ఎందుకు? టీవీ పిల్ల కళ్లలోకి చూడదు. పిల్ల 'ఊ' అంటే తిరిగి 'ఊ' అనదు. పిల్ల నవ్వితే ఆగి నవ్వదు. అమ్మ చూస్తుంది, అంటుంది, నవ్వుతుంది.

ఇంకో సంగతి. పసిపిల్లల కోసమని బేబీ ఐన్‌స్టీన్ అనే వీడియోలు వచ్చాయి. 2001లో డిస్నీ సంస్థ వాటిని కొన్నది. అవి చూస్తే పిల్లలు తెలివిగలవాళ్లు అవుతారని ఎందరో తల్లిదండ్రులు నమ్మారు. అలా అవుతుందనటానికి రుజువు లేదని గొడవ వచ్చింది. 2009లో ఆ సంస్థ కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక మాట చెప్పింది. రెండేళ్లు నిండని పిల్లలను టీవీ, ఫోను ముందు కూర్చోబెట్టవద్దు. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు 1 గంట దాటనివ్వవద్దు. అంతకంటే తగ్గితే ఇంకా మంచిది. మరి అన్నం తినటానికి ఒక గంట, ఏడుపు మానటానికి ఒక గంట, అమ్మ వంట చేసుకోవటానికి ఒక గంట – లెక్క ఎంతయింది? మీరే చూసుకోండి.

ఆ టేపుల పేరులోనే మర్మం ఉంది. 'చూసే పాటలు' అని పేరు పెట్టలేదు. 'కలిసి పాడే పాటలు' అని పెట్టారు. కలవటానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి అమ్మ.

ఇంట్లో ఎలా చేయాలి?

ఇందుకు టీవీ అక్కర్లేదు. ఫోనూ అక్కర్లేదు. ఫ్లైషర్ల కర్ర, బంతి గుర్తున్నాయి గదా! ఇంట్లో చీపురుపుల్ల ఉంటుంది. అది చాలు.

1. పిల్లకూ మీకూ బాగా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. చిన్న పాట కావాలి. నాలుగు వరసలు చాలు.

2. పాత క్యాలెండరు వెనుక వైపు తెల్లగా ఉంటుంది. దాని మీద పాటను పెద్ద అక్షరాలతో రాయండి. మాటకూ మాటకూ మధ్య రెండు వేళ్ల చోటు వదలండి. ఏదైనా అక్షరం తెలియకపోతే బడికి పోయే పిల్లను అడగండి. చదువు కేంద్రంలో అడగండి. అడగటం చిన్నతనం కాదు.

3. కాగితం గోడకు అంటించండి. పిల్ల కంటికి అందే ఎత్తులో ఉండాలి.

4. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మెల్లగా పాడండి. పాడే మాట కింద చీపురుపుల్ల కదపండి. గొంతు సాగితే పుల్ల ఆగాలి. గొంతు దూకితే పుల్ల దూకాలి.

5. నాలుగు రోజులయ్యాక పుల్ల పిల్ల చేతికి ఇవ్వండి. మీరు పాడండి. పిల్ల పుల్ల కదుపుతుంది. తర్వాత పిల్ల పాడుతుంది. మీరు కదపండి.

6. వారం గడిచాక పాట మధ్యలో ఆపండి. 'ఈ మాట ఏది?' అని అడగండి. చెప్పాక, 'ఈ మాట ఇంకెక్కడుంది?' అని వెతికించండి. బియ్యం సంచి మీద, సబ్బు కాగితం మీద, బస్సు మీద వెతకండి. పాటలో మాట బజారులో కూడా కనిపిస్తే, ఆ రోజు అక్షరం నిజంగా సొంతమైనట్టు.

ఫోనులో పాట పెట్టాలనుకుంటే పెట్టండి. కానీ అడుగున తెలుగు మాటలు వచ్చే పాటే ఎంచండి. పక్కన కూర్చోండి. ఒక పాట అయ్యాక ఆపండి. అదే పాటను ఫోను లేకుండా పాడండి. దానంతట అదే ఇంకో వీడియో వస్తుంది. దాని వెంట పోవద్దు.

అక్కలు అడిగే మాటలు

'నాకే అక్షరాలు అంతంతమాత్రం. పిల్లకు ఏం నేర్పుతాను?' అని ఒక అక్క అడగవచ్చు. అక్కా, ఇందులో నేర్పేవాళ్లు, నేర్చేవాళ్లు వేరు కాదు. పిల్లకు ఒక్క పాట పదిసార్లు పాడితే, మీ కన్ను కూడా ఆ అక్షరాలను పదిసార్లు చూసినట్టే. పిల్ల పేరు చెప్పుకుని మీ చదువుకు సాన పడుతుంది.

'తప్పు చదివితే పిల్ల నవ్వుతుంది గదా!' నవ్వనివ్వండి. మీరూ నవ్వండి. ఇద్దరూ కలిసి సరిచేసుకోండి. అమ్మ కూడా నేర్చుకుంటుందని పిల్లకు తెలియటం మంచిదే. అలాంటి పిల్ల రేపు బడిలో తప్పు చెప్పటానికి భయపడదు.

'నా గొంతు బాగుండదు.' పిల్లకు అమ్మ గొంతే బాగుంటుంది. ఆ సంగతి పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది.

'మా ఆయన ఏమంటాడో!' ఆయన్ను కూడా పిలిచి కూర్చోబెట్టండి. పాట సగం మీరు పాడండి. సగం ఆయన పాడతాడు. పుల్ల కదపటం ఎవరి వంతో పిల్లే చెబుతుంది.

ఇంకా రాయని పాటలు

చివరిగా ఒక్క సంగతి. డిస్నీ పాటలు టేపులో ఉన్నాయి, డిస్కులో ఉన్నాయి. ఎవరూ మరిచిపోయినా పోవు. మీ అమ్మ పాడిన లాలిపాట ఎక్కడ ఉంది? మీ నాయనమ్మ తిరగలి తిప్పుతూ పాడిన పాట ఎక్కడ ఉంది? ఆమె గొంతులో ఉంది. ఆమె పోతే ఆ పాటా పోతుంది. కొన్ని పాటలు అలా పోయాయి కూడా.

ఆమెకు రాయటం రాదు. మీకు వచ్చింది.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో ముసలమ్మ ఉంటే ఆమె పక్కన కూర్చోండి. ఒక పాట పాడమనండి. ఒక్కో మాటా ఆపి ఆపి రాసుకోండి. తప్పులు వస్తే రానివ్వండి. తర్వాత దిద్దుకోవచ్చు. పైన ఆమె పేరు రాయండి. కింద మీ పేరు రాయండి. ఆ కాగితం ముందు మీ పిల్లను కూర్చోబెట్టి, చీపురుపుల్ల పట్టుకుని, ముగ్గురూ కలిసి పాడండి. ముసలమ్మకు తన పాట కాగితం మీద ఎలా ఉంటుందో చూపించండి. 'ఇదిగో, ఈ మాట నువ్వు పాడిందే' అని వేలు పెట్టి చూపండి. ఆమెకు ఒక్క అక్షరం నేర్చుకోవాలని ఆ రోజే బుద్ధి పుట్టవచ్చు.

చదువు కేంద్రానికి వచ్చేటప్పుడు ఆ కాగితం మడిచి తెండి. పదిమంది పది కాగితాలు తెస్తే ఊరి పాటల పుస్తకం ఒకటి తయారవుతుంది. దాన్ని అందరూ కలిసి చదవవచ్చు, కలిసి పాడవచ్చు.